ఇనుము చాలకపోతే సీసం దూరుతుంది: కంచంలో, గిన్నెలో, నీళ్లలో ఏం చూసుకోవాలి

మా చెల్లి అత్తారిది చీపురుపల్లి పక్కన ఊరు. ఐదో నెలలో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.2 వచ్చిందని ఫోన్ చేసి ఒకటే ఏడుపు. “రోజూ మాత్ర వేసుకుంటున్నాను కదన్నయ్యా, ఒక్కరోజు కూడా మానలేదు” అంటుంది. అబద్ధం కాదు, స్ట్రిప్పులు ఖాళీ అవుతూనే ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే వాళ్లింటికెళ్లి కూర్చుంటే సంగతి ఐదు నిమిషాల్లో బయటపడింది. స్టవ్ మీంచి టీ దించి గ్లాసులో పోసుకుంది, ఎర్ర మాత్ర నాలిక మీద పెట్టుకుంది, ఆ టీతోనే గుటుక్కున మింగేసింది. ఇంకో అరగంటకి ఇడ్లీ తిని కాల్షియం మాత్ర వేసుకుంది. రెండు నెలలుగా ఆ ఇనుము కడుపు దాకా వెళ్తోంది గానీ ఒంటికి పట్టింది చాలా తక్కువ.

అదే మాత్ర ఉంచి, వేసుకునే వేళ మార్చాం. రాత్రి అన్నం తిన్న గంటకి, నిమ్మకాయ పిండిన నీళ్లతో. కాల్షియం మధ్యాహ్నానికి జరిపాం. రెండు నెలలకి 10.3 వచ్చింది.

నేను డాక్టర్ని కాను, విజయనగరంలో ఒక ల్యాబులో రక్తం తీసి పరీక్షలు చేసే టెక్నీషియన్ని. మందు మోతాదులు నా పని కాదు, అవి డాక్టరే చెప్పాలి. కానీ పన్నెండేళ్లుగా రిపోర్టులు చూస్తూ, వాటి వెనకున్న వంటిళ్ల సంగతి వింటూ ఉంటే నాకు ఒకటి బాగా తెలిసొచ్చింది. ఒంటికి కావాల్సిన ఇనుము, జింకు, అయోడిన్, రాగి లాంటివి ఒక లెక్క, చేటు చేసే సీసం, కాడ్మియం, పాదరసం ఇంకో లెక్క అనుకుంటాం, నిజానికి వాటిలో కొన్ని ఒకే గుమ్మంలోంచి లోపలికి వస్తాయి.

పేగు గోడలో ఇనుముని లోపలికి లాక్కునే ద్వారాలుంటాయి. ఒంట్లో ఇనుము తగ్గగానే శరీరం ఆ ద్వారాలు ఇంకా ఎక్కువ పెట్టుకుంటుంది, ఎక్కడైనా కాస్త దొరక్కపోతుందా అని. వచ్చింది ఇనుమా, సీసమా, కాడ్మియమా అన్నది ఆ ద్వారానికి అంత బాగా తెలీదు. సీసానికి కాల్షియం వేషం కూడా వచ్చు, అందుకే ఎముకల్లో చేరి ఏళ్లకేళ్లు కూర్చుంటుంది, గర్భంతో ఉన్నప్పుడు తల్లి ఎముకలోంచి కాల్షియం కరిగితే దాంతోపాటు ఇదీ రక్తంలోకి దిగి బిడ్డకి చేరుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందరిదీ ఇనుము లోపమే కాదు, బి12 తగ్గినా, నులిపురుగులున్నా, పుట్టుకతో వచ్చే రక్తజబ్బులున్నా రక్తం తగ్గుతుంది, కానీ పెద్ద వాటా ఇనుముదే. కాబట్టి మంచివి నింపుకోవడం, చెడ్డవి ఆపుకోవడం రెండూ ఒకే పని కింద చూడండి. ముందు కంచం, తర్వాత గిన్నె, ఆ తర్వాత ఇంట్లో దుమ్ము, నీళ్లు. ఈ వరసలోనే చెప్తాను.

కంచంలో

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వేసిన లెక్క ప్రకారం మగవాళ్లకి రోజుకి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, నెలసరి వచ్చే ఆడవాళ్లకి 29. మనింట్లో ముందు ఎవరికి వడ్డిస్తాం, కూర అడుగంటితే చివర్లో ఎవరికి మిగులుతుంది అన్నది ఈ రెండు అంకెల పక్కన పెట్టుకుని ఒకసారి ఆలోచించండి.

“బెల్లం తింటున్నానండీ, రక్తం పడుతుందని” అని నెలకి పదిమందైనా చెప్తారు. బెల్లంలో ఇనుము ఉన్న మాట నిజమే, కానీ 10 గ్రాముల ముక్కకి అర మిల్లీగ్రాము దగ్గర ఆగిపోతుంది. 29 రావాలంటే అరకిలో పైన తినాలి, అప్పుడు రక్తం సంగతేమో గానీ సుగర్ ఖాయం. దానికన్నా మన గంటెలు (సజ్జలు) నయం, 100 గ్రాములకి 6 మిల్లీగ్రాములకి అటూ ఇటూ ఉంటుంది. ఉలవలు, నువ్వులు, తోటకూర, మునగాకు, ఇవన్నీ వారంలో తిప్పి తిప్పి వండుకునేవే. మాంసాహారం తినేవాళ్లైతే కాలేయం, మెత్తళ్లనే చిన్నచేపలు. మాంసంలో, చేపలో ఉండే ఇనుము ఆకుకూరలో దానికన్నా సులువుగా ఒంటికి పడుతుంది.

ఆకులు, గింజల్లోని ఇనుము మాత్రం తోడు లేకుండా లోపలికి రాదు. దాని తోడు నిమ్మరసం, ఉసిరి, జామకాయ. ఆకుకూర పప్పులో దించాక నిమ్మకాయ పిండుకోవడం, ఉలవచారుతో పాటు ఉసిరికాయ పచ్చడి నంజుకోవడం, ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. దాన్ని అడ్డుకునేవి టీ, కాఫీ. భోజనానికి గంట ముందు, గంట తర్వాత అవి ముట్టుకోకపోతే చాలు. టీ మానేయమని నేనెప్పుడూ చెప్పను, చెప్పినా మా అమ్మే వినదు.

గింజల పైపొట్టులో ఫైటేట్లని ఉంటాయి, అవి ఇనుమునీ జింకునీ పట్టేసుకుని వదలవు. వాటిని విరిచే ఉపాయం మన ముసలమ్మలకి ఎప్పుడో తెలుసు. చోడిపిండి (రాగిపిండి) ముందురోజు నీళ్లలో కలిపి పులవనిచ్చి, పొద్దున్న కాచి అంబలి చేస్తారే, ఆ పులవడంలోనే ఫైటేట్లు తగ్గుతాయి. ఉలవలు, పెసలు నానబెట్టి మొలకెత్తించినా అంతే. అప్పటికప్పుడు వేడినీళ్లలో పిండి కలిపి తాగే చోడి జావకి ఆ గుణం రాదు. చోళ్లకి అసలు బలం కాల్షియంలో ఉంది, 100 గ్రాములకి 350 మిల్లీగ్రాముల దాకా. తిండిలో కాల్షియం నిండుగా ఉంటే సీసం లోపలికి వెళ్లడం తగ్గుతుంది, అంటే అంబలి తాగే పిల్లాడు రెండు రకాలుగా లాభపడ్డట్టు.

మాత్రల సంగతి. ప్రభుత్వం గర్భిణులకి ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు. బడిలో పెద్దపిల్లలకి వారానికొకసారి నీలం మాత్ర, చిన్నపిల్లలకి గులాబీ రంగు మాత్ర ఇస్తారు. వేసుకున్నాక విరేచనం నల్లగా అవుతుంది, భయపడి మానేసేవాళ్లని చాలామందిని చూశాను, అది మామూలే. వికారం వస్తే తిన్న వెంటనే వేసుకోండి, కాస్త తక్కువ పట్టినా మానేయడం కన్నా నయం. కాల్షియం మాత్రకీ దీనికీ కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం: ఎర్రగా నిగనిగలాడుతూ మిఠాయి బిళ్లల్లా ఉంటాయి కదా, రెండేళ్ల పిల్లాడు గుప్పెడు మింగితే ప్రాణాల మీదకి వస్తుంది. పిల్లల చేతికందని చోట పెట్టండి, మింగారని అనుమానం వస్తే వాంతి అయ్యేదాకా చూద్దామని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి.

సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ వైపు వాళ్లకి విడిగా ఒక మాట (జిల్లాలు విడిపోయాక అదంతా మన్యం జిల్లా అయింది గానీ మాకు అలవాటు పోలేదు). గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉంటుంది. రక్తం తక్కువుందని నెలల తరబడి ఇనుము మాత్రలు సొంతంగా కొనుక్కు వేసుకోవద్దు, ఆ పరీక్ష ముందు చేయించండి. ప్రభుత్వం 2023 జులైలో మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్ కింద ఆ పరీక్ష ఉచితంగా చేస్తున్నారు.

అయోడిన్‌కి వద్దాం. మనకి నౌపడ ఉప్పు మళ్లుండగా ప్యాకెట్ ఉప్పెందుకు అని అడుగుతారు. సముద్రపు నీటిలోంచి వచ్చిందే కదా, అందులో అయోడిన్ ఉండదా అని. దాదాపు ఉండదు, ఉప్పు కట్టేలోపే పోతుంది. కళ్లుప్పు పచ్చళ్లకీ చేపలు ఎండబెట్టడానికీ వాడుకోండి, రోజువారీ కూరలోకి మాత్రం ‘అయోడైజ్డ్’ అని రాసి ఉన్నదే కొనండి. మనింటికి చేరేసరికి అందులో కనీసం 15 పీపీఎం (పది లక్షల పాళ్లలో 15) ఉండాలని నిబంధన. ఎండ తగిలే కిటికీలో మూత లేని డబ్బాలో పోసి ఉంచితే మెల్లగా పోతుంది, ఉడికే కూరలో మొదట్లోనే వేసేసినా కొంత పోతుంది, అందుకని దించే ముందు వేసుకోవడం మంచిది. గర్భిణికి అయోడిన్ చాలకపోతే దెబ్బ తగిలేది కడుపులో బిడ్డ మెదడుకి.

జింకు గురించి పొడుగ్గా చెప్పక్కర్లేదు. పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్‌తో పాటు జింకు మాత్ర ఇస్తారు, ఆరు నెలలు దాటినవాళ్లకి రోజుకి 20 మిల్లీగ్రాములు, 10 నుంచి 14 రోజులు. విరేచనాలు మూడో రోజే తగ్గిపోయినా పూర్తిగా వేయండి, అది తర్వాత నెలల్లో మళ్లీ రాకుండా కాపాడేందుకు. ఇక పెద్దవాళ్లు కరోనా రోజుల్లో మొదలుపెట్టిన 50 మిల్లీగ్రాముల జింకు మాత్ర ఇప్పటికీ వేసుకుంటున్నారంటే ఆపేయండి. జింకు నెలల తరబడి ఎక్కువైతే రాగిని లోపలికి రానివ్వదు, రాగి తగ్గితే మళ్లీ రక్తమే తగ్గుతుంది. మంచిదే కదా అని ఒకదాన్ని పోస్తే ఇంకోటి ఒలికిపోతుంది. రాగి, జింకు రెండూ కలిసి కావాలంటే పలాస జీడిపప్పు ఉంది, రోజుకి ఎనిమిదో పదో గుళ్లు.

గిన్నెలో

మా ఇంట్లో బుడితి ఇత్తడి గిన్నె ఒకటుంది, మా అమ్మకి పుట్టింటివాళ్లు పెట్టింది. సారవకోట మండలంలోని బుడితి ఊరి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, మన జిల్లాలకి గర్వంగా చెప్పుకునే వస్తువు. అమ్మ అందులో దప్పళం కాచేది. ఓ రోజు మూత తీసి చూస్తే లోపల కళాయి పూత అడుగున మొత్తం లేచిపోయి పసుపుపచ్చటి లోహం కనిపిస్తోంది, అంచు దగ్గర చింతపండు పులుసు తగిలిన చోట ఆకుపచ్చ గీత. చిలుము. “ఏటవుద్దిరా, మీ మామ్మ కాలం నుంచీ ఇందులోనే కాసేం” అంది. మామ్మ కాలంలో ఆరు నెలలకోసారి కళాయి వేసేవాడు వీధిలోకి వచ్చేవాడు, అది మర్చిపోయింది.

రాగి, ఇత్తడి గిన్నెల్లో పులుపు వండితే రాగి కూరలోకి దిగుతుంది. కాస్త అయితే కడుపులో తిప్పడం, వాంతులు. చంటిపిల్లలకి అందులో పాలు కాచి, నిల్వ ఉంచి పడితే కాలేయానికి చేటు. రాగి ఒంటికి కావాల్సిందే, రోజుకి రెండు మిల్లీగ్రాముల లోపు, అది పప్పుల్లో గింజల్లో వచ్చేస్తుంది. రాగి చెంబులో మామూలు నీళ్లు పోసి తాగితే తప్పులేదు, నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ మాత్రం పోయొద్దు.

కళాయి మళ్లీ వేయించుకునేవాళ్లు దగ్గరుండి చూడండి. గిన్నె బాగా కాల్చి, నవాసారం చల్లితే తెల్లటి పొగ లేస్తుంది, అప్పుడు తగరం కడ్డీ తగిలించి దూదితో రుద్దుతారు, క్షణంలో లోపలంతా వెండిలా మెరుస్తుంది, చూడ్డానికి భలే ఉంటుంది. ఆ కడ్డీ ఏమిటన్నదే అసలు ప్రశ్న. తగరం ఖరీదు, సీసం చవక. మంచి తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచితే కిర్రుమని సన్నగా ఏడ్చినట్టు వినిపిస్తుంది. సీసం ఎక్కువ కలిస్తే ఆ చప్పుడు రాదు, తెల్లకాగితం మీద గీస్తే పెన్సిల్ గీతలా బూడిదరంగు పడుతుంది. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, మోటు గుర్తు. గీత పడితే ఆ కడ్డీతో వేయించుకోవద్దు, చేతులు కడుక్కోండి.

సిల్వరు గిన్నెలనే అల్యూమినియం పాత్రల విషయంలో నా భయం అల్యూమినియం గురించి కాదు. బండి ఇంజన్ ముక్కలు, పాత తీగలు, దొరికిన తుక్కంతా కరగబోసి పోతపోసిన మందపాటి గిన్నెలు సంతల్లో కిలోల్లెక్కన అమ్ముతారే, వాటిలో సీసం కలిసి ఉండొచ్చు, పులుపు పడితే కూరలోకి వస్తుంది. సాంబారు, రసం, టమాటా పప్పు లాంటివి స్టీలు గిన్నెలోనో మట్టి దాకలోనో వండుకోండి. దాక కొనేటప్పుడు లోపల రంగురంగుల మెరుపు పూత ఉంటే వద్దు, కొన్ని పూతల్లో సీసం కలుపుతారు, మామూలు ఎర్రమట్టిదే తీసుకోండి.

ఇనప మూకుడు మాత్రం వదలొద్దు. అందులో టమాటా కూర, గోంగూర వేపుడు చేస్తే ఇనుము కూరలోకి దిగుతుంది, ఈసారి అది మన మేలుకే. వండగానే వేరే గిన్నెలోకి తీసేయండి, రాత్రంతా ఉంచితే కూర నల్లబడి తుప్పు రుచి వస్తుంది. ఇనుము ఎక్కువై జబ్బు పడ్డవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటే తప్ప దీనికి పేరు పెట్టేదేమీ లేదు.

అన్నం గురించి ఒక్క ముక్క. వరి మొక్క నేలలోని విషపదార్థమైన ఆర్సెనిక్‌ని మిగతా పంటలకన్నా ఎక్కువ పీల్చుకుంటుంది. మన వైపు బెంగాల్ అంత బెడద లేదు గానీ, బియ్యం రెండు మూడుసార్లు కడిగి ఎక్కువ నీళ్లతో వండి గంజి వార్చే పాత పద్ధతిలో అందులో కొంత భాగం గంజితో పోతుంది. బి విటమిన్లు కూడా కొంత పోతాయి, రెండింట్లో ఏది కావాలో మీ నీళ్లనీ మీ తిండినీ బట్టి చూసుకోండి.

సీసం ఎక్కడెక్కడ దాక్కుంటుంది

పూసపాటిరేగ వైపు ఒక మత్స్యకార పల్లెలో మా స్నేహితుడి ఇంటికి వెళ్లాం, మూడేళ్లయింది. వాళ్ల మావయ్య ఇంటిముందు పొయ్యి మీద ఇనప గరిటెలో పాత బ్యాటరీ సీసం కరిగించి ఇసుకలో చేసిన గుంటల్లో పోస్తున్నాడు, వలకి కట్టే గుళ్లు. మధ్యాహ్నం అదే పొయ్యి మీద అన్నం ఉడికింది. చల్లారిన గుండొకటి పట్టుకుని ఏడాదిన్నర మనవడు చిగుళ్లకి రుద్దుకుంటున్నాడు, పళ్లొచ్చే వయసు. నేను గబుక్కున లాక్కుంటే ఆయన నవ్వి, “మా అయ్య కాలం నుంచీ ఇలాగే పోస్తన్నాం బావూ, ఎవులికీ ఏటీ అవనేదు” అన్నాడు.

సీసంతో వచ్చిన చిక్కే అది, ఏమీ అయినట్టు కనపడదు. జ్వరం రాదు, దద్దుర్లు రావు. పిల్లాడు చదువులో కాస్త వెనకబడతాడు, చిరాకు ఎక్కువ, ఆకలి ఉండదు, కడుపునొప్పి అంటాడు, రక్తం తగ్గుతుంది. ఇవన్నీ వేరే కారణాలతో కూడా వస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పిల్లల రక్తంలో ఇంత వరకు ఉంటే ఫరవాలేదు అనే అంకె ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే సంస్థ కలిసి వేసిన అంచనాలో ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములో అంతకన్నా ఎక్కువో ఉంది. పెట్రోల్లో సీసం కలపడం మనదేశంలో 2000లో ఆగింది, ఇప్పుడు మిగిలినవి ఇంటి చుట్టూ ఉన్నవే.

మావయ్యకి నేను చెప్పిందే మీకూ చెప్తున్నా. సీసం కరిగించే పని ఇంట్లో, వంటపొయ్యి మీద, పిల్లల దగ్గర వద్దు, ఊరికి దూరంగా గాలివాటం చూసుకుని చేయాలి. ఆ గరిటె, ఆ పొయ్యి ఇక దానికే. పని అయ్యాక ఒళ్లు కడుక్కుని, బట్టలు మార్చుకుని, ఆ బట్టలు విడిగా ఉతికించాలి. ఇన్వర్టర్ బ్యాటరీలు విప్పే షాపుల్లో పనిచేసేవాళ్లకీ ఇదే. గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల మాంగనీసు పనికి వెళ్లేవాళ్లకి కూడా బట్టల సంగతి వర్తిస్తుంది. ఆ గనులు 1890ల నాటివి, కోడూరు పేరుమీద ఏకంగా ఒక రాయికే కోడూరైట్ అని పేరుంది. మాంగనీసు తిండిలో కొద్దిగా కావాల్సిందే, కానీ దాని ధూళి ఏళ్ల తరబడి ముక్కులోంచి వెళ్తే మెదడుకి తగులుతుంది, నడక, మాట, చెయ్యి వణుకు, పార్కిన్సన్ లాంటి లక్షణాలు వస్తాయి. పనిలో మాస్కు, ఇంటికొచ్చేముందు స్నానం.

పాత ఇళ్ల తలుపులు, కిటికీలు గీకి కొత్త రంగు వేయిస్తారు పండక్కి. రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని మనదగ్గర నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో, అంటే అంతకుముందు వేసిన ఎనామిల్ పొరల్లో ఎంతుందో ఎవరికెరుక. పొడిగా ఉప్పుకాగితం పెట్టి రుద్దితే ఆ పొడంతా గాల్లోనే. నీళ్లతో తడిపి గీకించండి, ఆ రెండు రోజులూ పిల్లల్ని, గర్భిణుల్ని వేరే ఇంట్లో ఉంచండి, తర్వాత చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. పెచ్చులూడే రంగు గోడ పక్కన ఉయ్యాల కట్టొద్దు. సిరిమాను జాతరలో కొనే రంగుబొమ్మలు చూడ్డానికి బాగుంటాయి, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి మాత్రం రంగు వేయని చెక్కబొమ్మ కొనండి.

పసుపు. మరీ మెరిసిపోయే పసుపు కొమ్ములకి లెడ్ క్రోమేట్ రంగు పూస్తారు, అందులో సీసమూ క్రోమియమూ రెండూ ఉన్నాయి. గ్లాసు నీళ్లలో ఒక కొమ్ము వేయండి, వేయగానే పచ్చటి రంగు దిగితే అనుమానించండి. మంచి కొమ్ము అంత తొందరగా రంగు వదలదు. మాకు తెలిసిన రైతు దగ్గర కొమ్ములు కొని, ఉడకబెట్టి ఎండబెట్టినవి, మిల్లులో పట్టించుకుంటాం, ఏడాదికి రెండు కిలోలు సరిపోతాయి. సిందూరం అసలు సిసలుదైతే సీసం ఆక్సైడే, కాబట్టి కుంకుమ పసుపుతో చేసినదే వాడండి. కళ్లకి పెట్టే సుర్మాలో కూడా సీసం ఉంటుంది. ఇంట్లో దీపం మసితో చేసుకునే కాటుకలో ఆ భయం లేదు, అయినా చంటిపిల్లల కళ్లలో వేలు పెట్టి కాటుక పూయడం మంచిది కాదు, అది క్రిముల గొడవ.

పొగ, చేప

మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, కబుర్లు చెప్తూ వడ్లు చెరుగుతూ. అంగిలి పుండు పడి క్యాన్సర్ వస్తుందని ఈ జిల్లాల్లో అందరికీ తెలుసు. తెలియనిది ఏంటంటే పొగాకు మొక్క నేలలోంచి కాడ్మియం బాగా లాగి ఆకులో పెట్టుకుంటుంది, పొగలో అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి మూత్రపిండాల్లో చేరి పదేళ్లు, ఇరవయ్యేళ్లు కదలదు. తిండిలో వచ్చే కాడ్మియం ఇనుము తక్కువున్న ఆడవాళ్లకి ఎక్కువ పడుతుంది. అంటే రక్తం తక్కువుండి చుట్ట కూడా కాల్చే అమ్మమ్మకి రెండు దారుల్లోంచీ వస్తోంది. ఇంట్లో ఎవరు కాల్చినా పిల్లలకీ చేరుతుంది.

చేప విషయంలో భయం వద్దు, ఎంపిక కావాలి. పాదరసం సముద్రంలో చిన్నచేప ఒంట్లో కొంచెం, దాన్ని తినే చేపలో ఇంకొంచెం, చివరికి అన్నిటినీ వేటాడే సొర, కొమ్ముకోనం లాంటి వాటిలో చాలా పోగవుతుంది. ఉడికించినా వేయించినా పోదు. జపాన్‌లో మినమాటా ఊరిని 1956 నుంచి వణికించింది ఇదే. మెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు లాంటి చిన్నవి, తక్కువ కాలం బతికేవి వారానికి రెండు మూడుసార్లు హాయిగా తినొచ్చు, వాటిలో ఇనుము, జింకు, అయోడిన్, సెలీనియం అన్నీ ఉన్నాయి. ముల్లుతో సహా నమిలే మెత్తళ్లలో కాల్షియం అదనం. బాలింతకి పాలు పడతాయని సొరపుట్టు పెట్టడం మన ఆచారం, అత్తగారు ప్రేమగా వండి పెడితే కాదనడం కష్టమే, కానీ గర్భిణులూ బాలింతలూ సొర బదులు మెత్తళ్ల పులుసు తినడం మేలు. ఇంట్లో జ్వరం చూసే గాజు థర్మామీటర్ పగిలితే ఆ వెండి బొట్లని చీపురుతో ఊడవొద్దు, ఉంగరం తీసేసి, కిటికీలు తెరిచి, గట్టికాగితంతో నెట్టి సీసాలోకి ఎత్తి మూత బిగించండి. పిల్లలకి ఆడుకోడానికి ఇవ్వడం మా చిన్నప్పుడు జరిగింది, తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

నీళ్లలో

కాచితే క్రిములు చస్తాయి, లోహాలు చావవు. నీరు ఆవిరై తగ్గుతుంది కాబట్టి ఉన్న లోహం ఇంకాస్త చిక్కబడుతుంది. బోరు నీళ్లు పట్టిన గంటకి ఎర్రగా మారి అడుగున పేరుకుంటే అది ఇనుము, బట్టలు పాడవుతాయి, రుచి బాగోదు గానీ అంత ప్రమాదం కాదు. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం ఉంటే రంగూ రుచీ వాసనా ఏదీ మారదు, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులకి మనమే నీళ్లు పట్టుకెళ్లి ఇవ్వొచ్చు. వెళ్లేముందు ఫోన్ చేసి లోహాల పరీక్షకి సీసా ఎలాంటిది తేవాలో అడగండి, మామూలు పరీక్షకీ దానికీ పట్టే విధానం వేరు. రిపోర్టు వచ్చాక చూసుకోవాల్సిన అంకెలు లీటరుకి: సీసం 0.01 మిల్లీగ్రాము, ఆర్సెనిక్ 0.01, కాడ్మియం 0.003, పాదరసం 0.001 దాటకూడదు. మాంగనీసు 0.1 లోపు ఉండాలి, వేరే నీటి దిక్కు లేకపోతే 0.3 దాకా ఒప్పుకుంటారు. దాటితే ఆర్వో పనిచేస్తుంది. ఆర్వోలో మంచి ఖనిజాలు కూడా పోతాయి నిజమే, కానీ మనకి అవి ఎక్కువగా వచ్చేది తిండిలోంచి, కంచం బాగుంటే దానికోసం కంగారు పడక్కర్లేదు. నీళ్లు బాగున్న ఊళ్లో మాత్రం ఆర్వో దండగ.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి అడగకుండా ఎవరూ ఉండరు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుకి సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, లోహాలన్నారు, ఎండలో పని, నీళ్లు తాగకపోవడం అన్నారు, ఏ ఒక్కటీ ఇదే కారణమని ఇప్పటిదాకా తేలలేదు. కాబట్టి ఎవరైనా మీ కిడ్నీలో సీసం ఉంది, మా పొడితో కడిగేస్తాం అంటే నమ్మొద్దు. హిరమండలం నుంచి వచ్చే నీళ్లు, పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ఆ వైపు వాళ్లు ఏడాదికోసారి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించుకోండి, ఒళ్లునొప్పులకి షాపులో నొప్పి మాత్రలు కొనుక్కోవడం ఆపండి. కిడ్నీ దెబ్బతిందని తేలినవాళ్లు పైన నేను చెప్పిన గంటెలూ జీడిపప్పూ చోళ్లూ కూడా డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు, వాళ్ల లెక్క వేరు. కొబ్బరి బోండాం సైతం, తోటలో ఉచితంగా దొరుకుతుంది కదా అని తాగితే పొటాషియం పెరిగి గుండె ఆగే ప్రమాదం ఉంది.

పరీక్షకి వెళ్తే

డీటాక్స్ పాదాల పట్టీలు, లోహాలు లాగేసే టీలు, జుట్టు పరీక్షలో మీ ఒంట్లో లోహాలన్నీ చెప్తామనే ప్రకటనలు, వీటికి ఒక్క రూపాయి పెట్టొద్దు. నిజంగా సీసం ఎక్కువుంటే దాన్ని దించే మందులు ఉన్నాయి, అవి ఆసుపత్రిలో డాక్టర్ చూస్తుండగా ఇచ్చేవి, అవి సొంతంగా వాడితే కాల్షియం కూడా పడిపోయి ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. నాటుమందులు, భస్మాలు వాడుతుంటే ఆ పొట్లం డాక్టర్‌కి చూపించండి, కొన్నింటిలో సీసం, పాదరసం కావాలనే కలుపుతారు.

ముందు హిమోగ్లోబిన్ చేయించండి, ఆడవాళ్లకి 12 కన్నా తక్కువుంటే, గర్భిణులకైతే 11 కన్నా తక్కువుంటే, ఫెరిటిన్ (ఒంట్లో నిల్వ ఉన్న ఇనుము చెప్పే పరీక్ష) కూడా. సీసం పనిలో ఉన్నవాళ్లు, వాళ్లింట్లో ఐదేళ్లలోపు పిల్లలు ఉంటే డాక్టర్ చేత చీటీలో ‘బ్లడ్ లెడ్ లెవెల్’ అని రాయించుకోండి. ‘హెవీ మెటల్ ప్యానెల్’ అని రాయిస్తే పది లోహాలకి బిల్లు పడుతుంది, మీకు కావాల్సింది ఒకటే. చాలా ల్యాబులు ఆ నమూనాని బయటి ఊరికి పంపిస్తాయి, మూడు నాలుగు రోజులు పడుతుంది. రక్తం ఇచ్చేముందు చేతులు సబ్బుతో కడుక్కుని రండి, ముఖ్యంగా పనిలోంచి నేరుగా వస్తే, వేలి మీద ఉన్న సీసం దుమ్ము తీసిన రక్తంలో కలిసి లేని అంకె వస్తుంది. వలల మావయ్య మనవడికి మొదటిసారి అలాగే తేడా వచ్చి, మళ్లీ మోచేతి దగ్గర నరంలోంచి తీశాం. రెండోసారి సీసం డెసిలీటరుకి 11 మైక్రోగ్రాములు వచ్చింది. గుళ్లు ఇప్పుడు తీరంలో పాత పడవ పక్కన పోస్తున్నాడు, పొయ్యి కొత్తది కట్టించారు, పిల్లాడికి పొద్దున్నే అంబలి పడుతున్నారు, మూడు నెలలకోసారి నా దగ్గరికే తీసుకొస్తారు. మొన్న వచ్చినప్పుడు 7.